పాత చేతిరంపం: తుప్పు వదిలించి పళ్ళు సాన పట్టడం ఎట్ల? (26 అంగుళాలు, ఇంచీకి 8 మొనలు)

కొయ్యపని_చిత్తూరు

అన్నలకు నమస్కారం. పాత ఇనుము అంగట్లో ఒక చేతిరంపం దొరికింది. మళ్ళీ పనికొచ్చేట్టు చెయ్యాలని ఉంది. కొలతలన్నీ రాస్తాను, చూసి చెప్పండి.

పళ్ళ వరుస పొడవు 26 అంగుళాలు. స్కేలు సున్నాను ఒక మొన మీద పెట్టి లెక్కిస్తే ఇంచీలో రెండు చివరలతో కలిపి 8 మొనలు వస్తున్నాయి. రేకు మందం పళ్ళ దగ్గర 0.9 మి.మీ., వీపు దగ్గర అంతకన్నా పలచన. పిడికి అయిదు ఇత్తడి నట్లు, వాటిలో పెద్దదాని మీద "వారంటెడ్ సుపీరియర్" అని ఉంది. కంపెనీ పేరు ఎక్కడా కనబడలేదు. రేకు రెండు పక్కలా ఎర్రతుప్పు, అక్కడక్కడ నల్లమచ్చలు. పళ్ళ వరుస మీద కన్ను పెట్టి చూస్తే నడుమ కొంచెం ఒంపు ఉంది. పళ్ళు ఒకటి పెద్దది ఒకటి చిన్నది, రెండు విరిగిపోయినాయి. పిడి పైకొమ్ము 20 మి.మీ. దాకా ఊడిపోయింది.

కోయాల్సింది ఎక్కువగా ఎండిన టేకు పలకలు, అప్పుడప్పుడు మామిడి చెక్క. అడ్డకోతకే వాడుకుంటా.

అడిగేవి ఇవి: తుప్పుకు యాసిడ్‌లో నానబెట్టేదా, కాగితంతో రుద్దేదా? ఒంపు తియ్యొచ్చా? ఏ సైజు ఆకురాయి కొనాలి, ఏ కోణంలో పట్టాలి?

---

ఆకురాయి_తిరుపతి

తమ్ముడూ, కొలతలు రాసి అడిగినావు కాబట్టి సూటిగా చెప్పే వీలుంది. వీపు పలచగా ఉందంటే అది మంచి రంపమే. పళ్ళ దగ్గర మందంగా, వీపు దగ్గర సన్నంగా అరగదీసిన రేకు కోతలో పట్టుకోదు, పళ్ళను పక్కలకు ఎక్కువ వంచే పని ఉండదు. ఇప్పటి చవక రంపాల్లో ఈ పనితనం కనిపించదు.

మెడల్‌ను, అంటే అక్షరాలున్న ఆ పెద్ద నట్టును చూసి కంపెనీ తేల్చలేము. "వారంటెడ్ సుపీరియర్" అనే నట్లను చాలామంది తయారీదారులు వాడినారు. పేరు ఉంటే గింటే రేకు మీద, మెడల్ ఉన్న పక్కనే, నడిమధ్యలో సన్నగా చెక్కి ఉంటుంది. అది లోతైన చెక్కుడు కాదు, గట్టిగా రుద్దితే పోతుంది. తుప్పు పని మొదలుపెట్టే ముందు ఈ మాట గుర్తుండాలి.

ముందు ఒంపు సంగతి. తుప్పు కన్నా ముందు దీన్నే తేల్చుకో. రేకు తిన్నగా రాకపోతే మిగతా కష్టమంతా దండగ. రేకు పొడవునా విల్లులాగా ఒకే తీరుగా వంగి ఉంటే అది బరువు పని కాదు. రెండు చేతులతో పట్టుకుని ఎదురుదిక్కుకు, ఉన్న ఒంపు కన్నా బాగా ఎక్కువగా వంచి వదులు. నాలుగైదు సార్లు చేస్తే తిన్నగా వస్తుంది. ఒక్కచోట మడత పడినట్టుంటే అది వేరే రోగం, దానికి సుత్తి కావాలి. పల్లంగా ఉన్న పక్కను పైకి పెట్టి, కింద చదునైన ఇనుప దాగలి ఉంచి, నునుపైన గుండ్రటి ముఖం ఉన్న 200-250 గ్రాముల సుత్తితో మడత గీత వెంబడి తేలిగ్గా కొట్టాలి. దెబ్బ తగిలిన పక్క లోహం సాగుతుంది. పల్లం సాగితే మడత విప్పుకుంటుంది. మూడు నాలుగు దెబ్బలకొకసారి ఎత్తి కన్ను పెట్టి చూడు. ఎక్కువ కొడితే అక్కడ రేకు వదులై, నూనె డబ్బా అడుగు నొక్కినట్టు ఇటూ అటూ టక్కుమంటుంది. దాన్ని మళ్ళీ బిగువుకు తేవడం మనబోటి వాళ్ళతో కాదు.

తుప్పు. యాసిడ్ వద్దు. బాత్‌రూమ్ యాసిడ్ అసలే వద్దు, అది తుప్పుతో ఆగదు, ఉక్కును కూడా తింటుంది. పిడి విప్పి, రేకును చదునైన పలక మీద పరిచి, ముందు షేవింగ్ బ్లేడు లాంటి పలచటి పదునుతో పొరలు పొరలుగా లేచిన తుప్పును గీకు. బ్లేడును రేకుకు దాదాపు పడుకోబెట్టి తొయ్యి, నిలబెడితే గీతలు పడతాయి. తర్వాత 220 వాటర్ పేపర్‌ను ఒక చెక్కదిమ్మకు చుట్టి, టర్పెంటైనో కిరసనాయిలో చల్లి, పిడి నుంచి కొన దాకా పొడవునా రుద్దు. గుండ్రంగా తిప్పొద్దు. 220 తర్వాత 320, చివర 400. దిమ్మ లేకుండా వేళ్ళతో రుద్దితే కాగితం గుంటల్లోకి దిగి, ఉన్న చెక్కుడును తినేస్తుంది. పేరు ఉండే చోట, అంటే నడిమధ్య జానెడు మేర, 400తో మాత్రమే తాకు.

నల్లమచ్చలు పోలేదని బాధపడొద్దు. అవి తుప్పు ఆగిపోయిన గుర్తులు, కోతకు ఏ అడ్డమూ చెయ్యవు. పళ్ళ మొనల దగ్గర మాత్రం లోతు గుంటలు ఉండకూడదు. అక్కడ గుంట ఉంటే మొన నిలవదు, పదును పెట్టిన కొద్దీ చిట్లుతుంది.

రేకు కొన దగ్గర వీపు మీద చిన్న బుడిపె ఉంటే దాన్ని ఆకురాయితో తీసేయకు. పాత రంపాలకు అది అలంకారం.

పళ్ళ పని పెద్దది. విడిగా రాస్తాను.

---

బంగారుపాళ్యం_తోట

యాసిడ్ మొత్తంగా వద్దనడం నేను ఒప్పుకోను. బాత్‌రూమ్ యాసిడ్ తప్పే, అందులో వాదన లేదు. నిమ్మ ఉప్పు వేరు. లీటరు నీళ్ళకు 50 గ్రాములు కలిపి, అడ్డంగా చీల్చిన నాలుగంగుళాల పీవీసీ పైపును తొట్టిలాగా చేసుకుని అందులో రేకు మునిగేట్టు పెడితే గంట, గంటన్నరలో తుప్పు మెత్తబడి గుడ్డకు వచ్చేస్తుంది. తప్పంతా రాత్రంతా వదిలేయడంలో ఉంది. అట్ల వదిలితే ఉక్కు బూడిదరంగుకు మారి, చెక్కుడు పోతుంది. తీసిన వెంటనే తినే సోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, వేడిగా ఉండగానే నూనె పుయ్యాలి. అయిదు నిమిషాలు ఆలస్యమైనా మళ్ళీ ఎర్రజీర లేస్తుంది.

చింతపండు రేకు మీద రుద్దొద్దు, ఇత్తడి నట్లకు ఉంచుకో. చింతపండు, ఉప్పుతో నట్లు చక్కగా మెరుస్తాయి. మెడల్ మీద అక్షరాలు అరిగిపోకుండా మెత్తటి బ్రష్షుతో చెయ్యి, బఫింగ్ చక్రం మీద పెట్టొద్దు.

మామిడి గురించి ఒక మాట. మా పక్క చెట్టు కొట్టిన చెక్క చాలామటుకు ఆరకుండానే కోతకు వస్తుంది. పచ్చిమామిడికి ఇంచీకి 8 మొనల రంపం సరిపోదు. తడి రంపంపొట్టు సందుల్లో ముద్దకట్టి రంపం ఇరుక్కుంటుంది. దానికి 5 లేక 6 మొనలది, పళ్ళు కాస్త ఎక్కువ విడదీసింది వేరుగా పెట్టుకో. నీ రంపం ఎండిన చెక్కకే ఉంచు. మామిడి కోసిన రోజు రేకును తుడిచి నూనె రాయకుండా తగిలిస్తే పొద్దుటికి మచ్చలు ఖాయం.

---

ఆకురాయి_తిరుపతి

నిమ్మ ఉప్పు గంటన్నర అంటే సరే. గడియారం చూసి తీసే ఓపిక ఉన్నవాళ్ళకు అది కుదురుతుంది. నేను వద్దనేది పెట్టి మరిచిపోయే పద్ధతిని.

ఇక పళ్ళు. ఇక్కడ వరుస తప్పితే మిగతాదంతా తప్పుతుంది. చదును చెయ్యడం, ఆకారం తేవడం, వంచడం, చివర పదును. చాలామంది నేరుగా మూడు మూలల ఆకురాయి తీసుకుని ఉన్న పళ్ళను ఉన్నట్టే రాస్తారు. పెద్దపన్ను పెద్దదిగానే, చిన్నపన్ను చిన్నదిగానే మిగులుతుంది. కోసేది పెద్దపళ్ళే, చిన్నవి గాల్లో తేలుతుంటాయి. అందుకే పదునుగా ఉన్నా రంపం ఎగిరెగిరి పడుతుంది.

కొనాల్సినవి: 8 మొనలకు 6 అంగుళాల స్లిమ్ టేపర్ మూడు మూలల ఆకురాయి, రెండు. చదునుకు 8 లేక 10 అంగుళాల సన్నపళ్ళ చదును ఆకురాయి ఒకటి. మూడు మూలలది ఎంచుకునే లెక్క ఏమంటే, దాని ఒక ముఖం వెడల్పు పన్ను ఏటవాలు పొడవుకు రెట్టింపు కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. అప్పుడు ఆకురాయిని తిప్పినప్పుడల్లా కొత్త అంచు దొరుకుతుంది. పెద్దది కొంటే మూల మందంగా ఉండి సందు అడుగు గుండ్రంగా, నిస్సారంగా తయారవుతుంది. చిన్నది కొంటే ముఖం నడుమ భాగం రెండుసార్లు అరిగి ఊరికే జారుతుంది.

ముందుగా ఒక పరీక్ష. పాత ఆకురాయితో పిడి దగ్గరి పన్నును ఒకసారి రాయి. కరకరమని పట్టుకుంటే పని జరుగుతుంది. గాజు మీద జారినట్టు జారితే అది మొనలు గట్టిపరిచిన కొత్తరకం రంపం, దానికి పదును పెట్టలేము. వాటి పళ్ళు నల్లగా, నీలిగా కనిపిస్తాయి. నీదాని లక్షణాలు చూస్తే అది కాదు.

బిగింపు. రెండు టేకు బద్దలు, 60 సెం.మీ. పొడవువి, పై అంచులు లోపలికి తాకేట్టు కొంచెం ఏటవాలుగా చిత్రిక పట్టి, నడుమ రేకు పెట్టి వైస్‌లో బిగించు. పళ్ళ అడుగు చెక్క దవడల పైన 3 మి.మీ. కన్నా ఎక్కువ లేవకూడదు. పైకి లేస్తే రేకు వణుకుతుంది, ఆకురాయి కీచుమంటుంది, దాని పళ్ళు ఒక్కరోజులో పోతాయి. కీచుమన్న శబ్దం వస్తే ఆపి, కిందికి దించి మళ్ళీ బిగించు.

చదును. చదును ఆకురాయిని ఒక చెక్కదిమ్మ గాడిలో దూర్చు, అది రేకుకు సరిగ్గా 90 డిగ్రీల్లో నిలవాలి. పిడి నుంచి కొన దాకా మొనల మీద నడిపించు. ప్రతి పన్ను మీదా చిన్న మెరిసే చుక్క కనబడే దాకా. రెండు చివరలతో కలిపి 8 మొనలంటే ఇంచీకి 7 పళ్ళే, 26 అంగుళాలకు 182; విరిగిన రెండు పళ్ళ కోసం మిగతా 180 పళ్ళను కిందికి దించకు. ఆ ఖాళీలు కోతకు అడ్డం రావు, నాలుగైదు సార్లు పదును పెట్టేసరికి అవి కూడా వరుసలోకి వస్తాయి. పళ్ళ వరుస నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉంటే అది అరుగుదల అనుకోకు. కొన్ని పాత రంపాలను అట్లే చేసినారు, దాన్ని అట్లే ఉంచు.

ఆకారం. ఇప్పుడు మూడు మూలల ఆకురాయి అడ్డంగా, తిన్నగా 90 డిగ్రీల్లో. పక్క కోణం ఇంకా వద్దు. ఆకురాయి మూల ఎప్పుడూ 60 డిగ్రీలే కాబట్టి పన్ను ముందు ముఖం నిలువుకు ఎంత వెనక్కి వాలితే, వెనక ముఖం అంత నిటారు అవుతుంది. అడ్డకోతకు ముందు ముఖం 15 డిగ్రీలు వాలాలి, అప్పుడు వెనక ముఖం నిలువుకు 45 డిగ్రీల్లో వస్తుంది. ఈ వాలు చేతికి అలవాటయ్యే దాకా ఒక చిన్న చెక్కముక్కకు రంధ్రం పెట్టి ఆకురాయి కొనకు దూర్చు. ముక్క పై అంచు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు 15 డిగ్రీలు వచ్చేట్టు బిగించుకుంటే తప్పు జరగదు. మెరిసే చుక్క ఏ పక్క వెడల్పుగా ఉందో ఆకురాయిని ఆ పన్ను వైపు నొక్కు. చుక్కలు దాదాపు పోయేసరికి ఆపు, పూర్తిగా పోకూడదు. తోసేటప్పుడే ఒత్తిడి, వెనక్కి తీసేటప్పుడు ఎత్తాలి. ముందుకూ వెనక్కీ రాస్తే ఆకురాయి రెండు రంపాలకు రాదు. సుద్దముక్క రుద్దితే ఇనుపపొడి దాని పళ్ళలో చిక్కుకోదు.

వంచడం. పళ్ళు వంచే సెట్టు ప్లయర్‌తో ఒకటి విడిచి ఒకటి అటు, మిగిలినవి ఇటు. పన్ను పైభాగం మూడోవంతు మాత్రమే వంగాలి. మొదట్లో ఏ పక్కకు వంగి ఉందో ఆ పక్కకే వంచు. ఎదురు వంచితే విరుగుతుంది, నీ విరిగిన పళ్ళ కథ కూడా బహుశా ఇదే. రేకు 0.9 ఉంది కదా, ఎండిన టేకుకు రెండు పక్కల మొనల మీద కాలిపర్ పెట్టి కొలిస్తే 1.15 నుంచి 1.2 మి.మీ. చాలు. ప్లయర్ మీద అంకెలు ఇంచీకి పళ్ళ లెక్క అని నమ్మి 8 దగ్గర పెడితే ఎక్కువ వంగుతాయి. 10 లేక 12 దగ్గర మొదలుపెట్టి కొలిచి చూసుకో. వెడల్పు కోత అంటే ఎక్కువ పొట్టు, ఎక్కువ చెమట, గరుకు అంచు.

పదును. పిడి నీ కుడిచేతి పక్కన ఉండేట్టు బిగించు. నీ వైపు వంగిన పన్ను చూసుకుని, దాని ఎడమ పక్క సందులో ఆకురాయి పెట్టు. ఆకురాయి పిడిని ఎడమకు 20 డిగ్రీలు జరుపు, అంటే ఆకురాయి కొన రంపం పిడి వైపు చూస్తుంది. ముందు చెప్పిన 15 డిగ్రీల వాలు అట్లే ఉండాలి. రెండు మూడు తోపులు, మెరిసే చుక్కలో సగం పోయే దాకా. ఒక సందు విడిచి తర్వాతి దానికి వెళ్ళు. చివర దాకా అయినాక రంపాన్ని తిప్పి బిగించు, పిడి ఇప్పుడు ఎడమ పక్కకు వస్తుంది. విడిచిన సందుల్లో ఆకురాయి పిడిని కుడికి అంతే కోణంలో జరిపి, మిగిలిన సగం చుక్క పోగొట్టు. మొదటి పక్కే చుక్క మొత్తం తీసేస్తే రెండో పక్కకు వచ్చేసరికి ఆ పళ్ళు పొట్టివవుతాయి. మొదలుపెట్టే ముందు సందు విడిచి సందుకు మార్కర్‌తో గుర్తు పెట్టుకో, 26 అంగుళాల మీద 182 సందులు, నడుమలో లెక్క తప్పుతుంది. వెలుతురు ఎదురుగా కిటికీ నుంచి రావాలి, చుక్కలు అప్పుడే కనిపిస్తాయి.

ఆకురాయికి మూడు మూలలు. ఆకారానికి ఒకటి వాడు, పదునుకు కొత్త మూల వాడు.

---

పిడిపని

పిడి గురించి ఎవరూ చెప్పలేదు.

నట్లు విప్పేటప్పుడు ఏది ఏ రంధ్రంలోదో అట్టముక్క మీద గుచ్చి పెట్టుకో. ఒకదాని చోట ఇంకొకటి సరిగ్గా కూర్చోదు. నట్టు ముఖం మీద మరకు రెండు పక్కలా గాట్లు ఉండే పాతరకమైతే మామూలు స్క్రూడ్రైవర్ పనికిరాదు. వెడల్పు స్క్రూడ్రైవర్ నడుమ గాడి కోసుకుని వాడు. బలవంతం చేస్తే ఇత్తడి చీలుతుంది.

కొమ్ము విరిగిన చోటు ఎగుడుదిగుడుగా ఉంటే జిగురు పట్టదు. చిత్రికతోనో ఉలితోనో ఒక్క చదునుగా కోసి, రేషాల దిక్కు కలిసేట్టు కొత్త ముక్క అంటించు. రెండు ముఖాలు కలిపి వెలుతురుకు ఎత్తితే గీత కూడా కనబడకూడదు. ఫెవికాల్ అయినా ఎపాక్సీ అయినా 24 గంటలు బిగింపులో ఉంచు, ఆ తర్వాతే రాస్ప్‌తో (చెక్కను అరగదీసే గరుకు ఆకురాయి) ఆకారం. వేగిస అయితే పాత రంపాల బీచ్ చెక్క పిడి రంగుకు దగ్గరగా వస్తుంది. తుమ్మ బలంగా ఉంటుంది. టేకు పెడితే అంటించే ముందు ఆసిటోన్‌తో తుడువు, దానిలోని నూనె జిగురును పట్టనివ్వదు.

ఎర్రచందనం ముక్క ఎవరైనా తెచ్చిస్తామంటే తీసుకోకు. శేషాచలం చెట్టుకు చట్టం కాపలా ఉంది. చేతిలో ముక్క ఉంటే దానికి కాగితం చూపించాల్సింది నువ్వే.

పిడి మీద పాత మెరుగును బెల్టు సాండర్‌తో ఊడదీయకు. అంచుల పదును పోయి, పిడి సబ్బుముక్కలాగా అవుతుంది. టర్పెంటైన్, సన్నటి స్టీల్‌వూల్‌తో మురికి తీసి, డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ రెండు పూతలు, పూతకూ పూతకూ నడుమ ఒక రోజు. ఇంకా మెరుపు కావాలంటే 250 మి.లీ. స్పిరిట్‌లో 30 గ్రాముల లక్క రేకులు కరిగించి పలచగా రాయి. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయొద్దు. లిన్‌సీడ్ ఆరేటప్పుడు వేడి పుడుతుంది, మన ఎండాకాలంలో అది తనంతట తానే అంటుకుంటుంది. దండెం మీద విప్పి ఆరెయ్యి.

---

కొయ్యపని_చిత్తూరు

అందరికీ దండాలు. ఒంపు చేతితోనే పోయింది. పళ్ళ పని కూడా అయింది, కాలిపర్‌లో 1.2 వచ్చింది. టేకు ముక్క మీద పెడితే కోత బాగుంది కానీ గీత నుంచి ఎడమకు పోతూ ఉంది. వెడల్పు పలక మీద ఇట్ల పోతే కష్టం. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్నా?

---

ఆకురాయి_తిరుపతి

మళ్ళీ చెయ్యొద్దు. ఎడమకు పోతున్నదంటే ఎడమ పక్క పళ్ళు ఎక్కువ వంగి ఉన్నాయి, లేదా ఆ పక్క పదును ఎక్కువ పడింది. రంపాన్ని పలక మీద పడుకోబెట్టి, ఎడమ పక్క పళ్ళ మీద సన్నటి నూనెరాయిని పిడి నుంచి కొన దాకా ఒక్కసారి, చేతి బరువుతోనే నడిపించు. కోసి చూడు. ఇంకా పోతే ఇంకొకసారి. రెండు మూడు సార్లకు మించి వద్దు, పళ్ళ పక్క మొనలు మొద్దుబారతాయి. మూడుసార్లకూ దారికి రాకపోతే వంచడంలో తేడా ఉంది, అప్పుడు ఎడమ పళ్ళను మాత్రం కొలిచి సరిచెయ్యి.

రెండు పక్కలూ సమంగా ఉన్నాయా అనేదానికి సూది పరీక్ష ఉంది. కొనను కాస్త కిందికి వంచి పట్టుకుని, పళ్ళ నడుమ ఏర్పడిన గాడిలో ఒక కుట్టుసూది పెట్టు. సరిగ్గా ఉంటే పక్కకు పడకుండా కొన దాకా జారుతుంది. ఎక్కడ పడిపోయిందో అక్కడి పళ్ళను చూడు.

టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, అందుకే మిగతా చెక్కల కన్నా తొందరగా మొనలు మొద్దవుతాయి. మొన మీద వెలుతురు మెరిసిందంటే మళ్ళీ పదును వేళయింది. అప్పుడు రెండేసి తోపులు చాలు. వంచే పని ప్రతిసారీ ఉండదు, రెండు మూడు పదునులకు ఒకసారి.

---

బంగారుపాళ్యం_తోట

దాచేటప్పుడు వేరుశనగ నూనె పూయొద్దు. ఇంట్లో ఉంది కదా అని పూస్తారు, నెల తిరిగేసరికి బంకలాగా గట్టిపడి దుమ్ము పట్టేస్తుంది. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు గుడ్డతో రుద్దితే చాలు. కోతకు ముందు రేకు మీద కొవ్వొత్తి మైనం గీస్తే తేలిగ్గా నడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో గోడకు ఆనించి పెట్టకు, గోడ తడి నేరుగా రేకుకు ఎక్కుతుంది. చెక్క మేకుకు తగిలించు, పళ్ళకు పీవీసీ పైపు చీల్చి తొడుగు వెయ్యి.

ఇంకొక సంగతి, ఈ చర్చ చదివి ఇంట్లో ఉన్న మన నాటు రంపానికి పదును పెట్టే వాళ్ళ కోసం: కొన్ని పాత వడ్రంగి రంపాల పళ్ళు పిడి వైపు వాలి ఉంటాయి, అవి లాగితే కోస్తాయి. పైన చెప్పిన కుడి ఎడమలు వాటికి తిరగబడతాయి. పిడి ఎటు అని కాదు, పన్ను ముందు ముఖం ఎటు చూస్తుందో దాన్ని బట్టి ఆకురాయి పట్టండి.